గోదావరి మత్స్యములు – ఆనకట్టలు – మన కర్తవ్యము

ఉపోద్ఘాతము



వార్షికమహాసభ జరుగునప్పుడెల్ల మన పూర్వుల ఘనతను తలచుకొనుట మనకు వాడుక. వ్యాసభగవానుని కన్నతల్లియగు సత్యవతి దాశరాజు నింట పెరిగినదనియు, శ్రీరామచంద్రుని గంగ దాటించిన గుహుడు మనవాడేయనియు మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. ఆ కథలు మనకు పూజ్యములు. అయినను ఈ సంచికయందు మేము చెప్పబూనినది పురాణకథ కాదు. నీటిని నమ్ముకొని బ్రతికిన జాతికి ఆ నీటి చరిత్ర తెలిసియుండవలెనను తలంపుతో ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

అగ్నికులక్షత్రియులనియు, పల్లెవారనియు, బెస్తలనియు, జాలరులనియు, గంగపుత్రులనియు ప్రాంతమునుబట్టి మనకు పేర్లు పెక్కులు. పేరేదైనను మన కందఱకు మూలధనము ఒక్కటియే. అది పాఱు నీటిలోని ప్రాణి. రైతునకు భూమి పట్టా కలదు. వర్తకునకు కొట్టు కలదు. మనకు నదియే పట్టా, నదియే కొట్టు. ఆ మూలధనము మన కన్నులయెదుటనే తఱిగిపోవుచున్నది. అది ఎట్లు తఱిగినది, ప్రభుత్వములు ఏమి చేసినవి, ఏమి చేయక విడిచినవి, ఇకమీదట మనము చేయదగినదేమి అను విషయములను గోదావరియందలి పులసచేప చరిత్ర ఆధారముగా విన్నవించెదము. ఒక్క చేపను ఎన్నుకొనుటకు కారణము కలదు. సముద్రమును, నదిని, వరదను, ఆనకట్టను, వలను, చట్టమును ఒక్క త్రాట గ్రుచ్చి చూపగల చేప మఱియొకటి మన దేశమున లేదు.

ప్రాచీనకాలము

నీటిలోని ప్రాణిని కాపాడవలెనను భావము మన దేశమునకు క్రొత్తది కాదు. క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దమున మౌర్యచక్రవర్తియగు అశోకుడు, తనకు పట్టాభిషేకమైన 26 సంవత్సరములకు ఉత్తరదేశపు స్తంభములపై చెక్కించిన ఐదవ ధర్మశాసనమున చంపరాని జంతువుల పట్టిక యొకటి కలదు. అందు తాబేళ్లును, కొన్నిజాతుల చేపలును చేరియున్నవి. చాతుర్మాస్యపు పున్నమలయందును, మఱికొన్ని పర్వదినములందును చేపలను చంపరాదనియు అమ్మరాదనియు ఆ శాసనము విధించినది. ఆ దినములలో ఏనుగుల యడవులయందును, 'కేవటభోగము'లయందును ఏ ప్రాణిని చంపరాదనియు చెప్పినది. కేవటుడనగా కైవర్తుడు, అనగా వల వేయువాడు. కేవటభోగమనగా వలవారి యనుభవమునం దున్న జలభాగము.

దీనినిబట్టి రెండు సంగతులు తేలుచున్నవి. ఇప్పటికి 2200 సంవత్సరములకు పూర్వమే మనబోటి వృత్తివారికి ప్రత్యేకముగ నేర్పడిన జలభాగములు గలవు. ఆ యనుభవముతోపాటు, కొన్ని దినములయందు వల ఎత్తి గట్టున పెట్టవలెనను నియమమును గలదు. హక్కును నియమమును నాడు ఒక్క శాసనమునందే చెక్కబడినవి. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. ముందు మరల దీనితో పని గలదు.

పశ్చిమచాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమునందు మత్స్యవినోదమను ప్రకరణము కలదు. నదులయందును సముద్రమునందును దొరకు చేపల జాతులు, వానికి వేయదగిన ఎర, గాలము వేయు విధము అందు చెప్పబడినవి. రాజునకు వినోదమైన ఆ విద్య మనవారికి జీవనము. రాజు దానిని ఎవరి చెంత నేర్చియుండునో ఊహించుట కష్టము కాదు.

శాస్త్రగ్రంథముల కెక్కిన తెలుగు పేర్లు

చదువుకొనిన మన యువకులు సయితము ఎఱుగని సంగతి యొకటి యిచ్చట చెప్పదగియున్నది. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు దేశపు వైద్యుడు ఈస్టిండియా కంపెనీవారి కొలువున విశాఖపట్టణమునం దుండి, అచ్చట సేకరించిన 200 చేపల బొమ్మలను వర్ణనలతోగూడ 1803వ సంవత్సరమున లండను నగరమున రెండు సంపుటములుగ ప్రకటించెను. ఆయా చేపలకు ఇచ్చటి జనులు పలుకు పేర్లనే ఆయన ఆంగ్లలిపిలో వ్రాసికొనెను. వానిలో 'పలస' యొకటి. ఆ గ్రంథము నాధారముగొని 1829లో ఫ్రాన్సు దేశపు ప్రకృతిశాస్త్రవేత్త క్యూవియే ఈ చేపకు 'క్లూపియా పలసా' యను శాస్త్రనామ మొసగెను. కాని 1822లోనే గంగానది చేపలను గూర్చి హామిల్టన్ ప్రకటించిన గ్రంథమున వంగదేశపు పేరగు 'ఇలిశ'తో ఈ చేప కెక్కియుండెను. ముందు ప్రకటితమైన పేరే నిలుచునను శాస్త్రనియమముచే నేడు దాని నామము 'టెన్యువలోసా ఇలిషా' యని చెల్లుచున్నది. మన 'పలస' పర్యాయనామముగ గ్రంథములయందు మిగిలియున్నది.

వాలుగచేప విషయమున మన పేరే గెలిచినది. 'వల్లాగో' యని లోకమంతటను వ్యవహరింపబడు ఆ చేపజాతి నామము మన వాలుగయే. లండనునందును పారిసునందును పండితులు విప్పిన గ్రంథములలోని ఈ మాటలు విశాఖతీరమున చేపలబుట్టలచెంత నిలిచినవారి నోటినుండి వెడలినవేగదా. శాస్త్రమునకు మొదటి పాఠము చెప్పినది చదువురాని వలవారే. ఆ గౌరవము మనది. బొచ్చె, గండుమీను, మోసు, కొఱ్ఱమీను, జెల్ల, ఇంగిలాయి, బొమ్మిడాయి, పరిగె మున్నగు పేర్లును, వాని గుణములును, అవి తిరుగు కాలములును మన పెద్దల నాలుకలపై నేటికిని నిలిచియున్నవి.

పులస ప్రయాణము

పులస సముద్రమున బ్రతుకును, నదిలో పుట్టును. సముద్రమున దానిని విలస యని పిలుతురు. తొలకరి వానలకు గోదావరి ఎఱ్ఱబడి వరదనీరు సముద్రమున కలియుచుండగా ఆ తీపినీటి జాడ పట్టుకొని ఇది నదీముఖముల ప్రవేశించి ఏటికెదురీదును. ఆషాఢ శ్రావణములనుండి ఆశ్వయుజము వఱకు ఈ ప్రయాణము సాగును. ప్రవాహమున కెదురీదుచు పోవు నీ చేప రుచి మాఱునని మనవారి యనుభవము. అప్పుడే దానికి పులస యను పేరు వచ్చును. ఒక్కొక్క తల్లిచేప లక్షలకొలది గ్రుడ్లు విడుచును. ఆ గ్రుడ్లు గూడు కట్టుకొని యుండవు. పాఱు నీటిలో తేలుచు, కదలుచు, ఇంచుమించు ఒక్క దినములోనే పిల్లలగును. పిల్లచేపలు కొన్ని నెలలు నదిలోనే మేసి పెరిగి పిమ్మట సముద్రమునకు దిగిపోవును.

కావున ఈ చేపకు మూడు వస్తువులు కావలెను. మొదటిది సముద్రమువఱకు చేరు వరదనీరు. రెండవది ఎగువకు పోవుటకు అడ్డులేని త్రోవ. మూడవది పిల్లలు దిగివచ్చువఱకు నదిలో నిర్మలమైన నీరు. ఈ మూడింటిలో ఏది తప్పినను జాతి క్షీణించును. పులసకు చెప్పిన ఈ మాట ప్రాణహిత, శబరి, మంజీర, కడెము, కిన్నెరసాని మొదలగు ఉపనదులలోని చేపలకును చాలవఱకు చెల్లును. సముద్రమునకు పోకున్నను, వానకారున గ్రుడ్లు పెట్టుటకై ఎగువకును, వాగులలోనికిని ప్రాకని చేపలు కొలదిమాత్రమే. తొలివానకు చిన్నవాగునకు ఎదురెక్కు పరిగెల గుంపును చూడని పల్లెటూరివాడుండడు.

ధవళేశ్వరపు ఆనకట్ట

నందననామసంవత్సరమున, అనగా 1832–33లో వచ్చిన మహాక్షామము ఆంధ్రదేశమును పాడు చేసినది. 1839లో కోరంగి ప్రాంతమును ఉప్పెన ముంచినది. గోదావరి నిండుగ సముద్రమునకు పోవుచుండగా దాని గట్టుననే జనులు అన్నము లేక మడిసిరి. అట్టి కాలమున ఆర్థరు కాటనుదొర ధవళేశ్వరముచెంత, లంకలతోగూడ ఇంచుమించు నాలుగు మైళ్ల వెడల్పున్న నదికడ్డముగ 1847లో ఆనకట్ట కట్ట మొదలిడి 1852లో ముగించెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగ ఆ కట్ట నిలిచెను. కఱవునేల అన్నపూర్ణ యయ్యెను. డెల్టా రైతులు నేటికిని ఆ దొరను దైవమువలె తలతురు, తలచుట న్యాయమే. మనమును ఆ డెల్టా అన్నము తినుచున్నవారమే. ఆనకట్టను నిందించుట మా యుద్దేశము కాదు.

అయినను చరిత్ర వ్రాయునప్పుడు జమయు ఖర్చును రెండును వ్రాయవలెను. కాటనుదొర కాలువలను సేద్యమునకు మాత్రమేగాక పడవల ప్రయాణమునకును పనికివచ్చునట్లు తీర్చెను. పడవ ఎత్తునుండి పల్లమునకు దిగుటకును, పల్లమునుండి ఎత్తున కెక్కుటకును లాకులు కట్టించెను. ఇసుక మేట వేయకుండ అడుగు తూములు పెట్టించెను. నీటికిని, పడవకును, ఇసుకకును త్రోవ చూచిన ఆ నిర్మాణమున చేపకు త్రోవ లేకపోయెను. ఏటికెదురు వచ్చు ఆ బాటసారిని ఎవ్వరును లెక్కింపలేదు. ఆ కట్ట యెత్తు తక్కువ గనుక పెద్దవరదలకు మునిగిపోవుచుండెడిది; అట్టి దినములయందు చేపలకు కొంత సందు దొరకెడిది. తరువాతి కాలమున తలుపు లమర్చి కట్ట యెత్తు పెంచిరి. కృష్ణపై బెజవాడయందు 1855లో పూర్తియైన ఆనకట్టకును ఇదియే కథ.

ఆనకట్ట క్రింద దారి గానక గుమిగూడిన చేప సులభముగ చిక్కును. కట్ట కట్టిన క్రొత్తలో ఇట్టిచోట పట్టుబడి పెరిగినట్లే కానవచ్చును. ఇది లాభమువలె కనబడు నష్టము. విత్తులవడ్లు వండుకొని తిన్న యింట ఆ పూట అన్నమునకు కొఱత యుండదు. కొఱత తెలియునది మఱుసటి యేడు.

డే దొర నివేదికయు 1897వ సంవత్సరపు చట్టమును

ఈ నష్టమును ప్రభుత్వమున కెఱిగించినవారిలో ముఖ్యుడు ఫ్రాన్సిస్ డే. ఈయన మద్రాసు సైన్యమున వైద్యుడు. పిమ్మట హిందూదేశపు మత్స్యశాఖ ఇన్‌స్పెక్టరు జనరలు. 1873లో హిందూదేశము, బర్మాలయందలి మంచినీటి చేపలను గూర్చి పెద్ద నివేదిక ప్రకటించెను. నదుల కడ్డముగ కట్టిన ఆనకట్టలవలన ఎదురెక్కు చేపల రాకపోకలకు విఘాతము కలుగుచున్నదనియు, కట్టలయందు చేపలకు దారి విడువవలెననియు, వలకన్ను మితి యేర్పఱుపవలెననియు, పిల్లచేపల నాశనమును మాన్పవలెననియు ఆయన వాదించెను. ఆ నివేదికయందు జిల్లాల యధికారులును, తహసీల్దార్లును పంపిన ప్రత్యుత్తరములు కలవు. వలవాని మాట అందు చాలవఱకు అధికారి నోటనే వినబడును.

ఆ తరువాత 24 సంవత్సరములకు, 1897లో, హిందూదేశ మత్స్యచట్టము వెలువడెను. ప్రేలుడు పదార్థములచే చేపలను చంపుటయు, నీటిలో విషము కలుపుటయు నేరములనియు, అందుకు రెండునెలల కారాగారమువఱకును, 200 రూపాయల జరిమానావఱకును శిక్ష కలదనియు ఆ చట్టము విధించినది. వలకన్ను పరిమాణము, నీటిలో పాతు మావులు, చేపలు పట్టరాని కాలము మొదలగువానిని గూర్చి నియమములు చేయు అధికారమును రాష్ట్రప్రభుత్వముల కిచ్చినది. ఇవి యన్నియు మంచివే. వాగులలో మందు కలిపి, మడుగులలో మందుగుండు ప్రేల్చి చేపను పట్టువాడు నేడును నేరస్థుడే. వానిని మనవాడని కాపాడుట కులద్రోహము.

కాని డే దొర మొఱపెట్టుకొనిన రెండు సంగతులలో చట్టము గట్టిగ పట్టుకొనినది ఒక్కటియే. వలకు మితి దొరకినది; కట్టకు మితి దొరకలేదు. పెద్ద ఆనకట్టలయందు చేపకు త్రోవ తప్పక విడువవలెనను విధి ఆ చట్టమునకు ఎక్కలేదు. నాటినుండి నదిలో చేప తగ్గినప్పుడెల్ల మొదటి నింద వలవానిపై పడుట పరిపాటి యయ్యెను. ఈ చరిత్ర తెలియకుండుటచే మనవారు నిందను మౌనముగ సహించుటయో, లేక నియమములన్నిటిని ఒక్కమాటగ ధిక్కరించుటయో చేయుచు వచ్చిరి. రెండును మనకు చెఱుపే చేసినవి.

నికల్సన్ దొర కృషి

వలవాడును మనుష్యుడే, వానికిని కుటుంబము కలదు, అప్పు కలదు అని తలచిన యధికారులలో సర్ ఫ్రెడరిక్ నికల్సన్ మాన్యుడు. సహకార పరపతిని గూర్చి అంతకుముందే ప్రసిద్ధమైన నివేదిక వ్రాసిన ఈయనను 1905లో మద్రాసు ప్రభుత్వము మత్స్యవిషయమును పరిశోధింప నియమించెను. 1907లో మద్రాసు మత్స్యశాఖ యేర్పడెను. ఆ రోజులలోనే కావేరి పాయయగు కొల్లడమునందు పులస గ్రుడ్లను కృత్రిమముగ పొదిగించు ప్రయత్నములు జరిగినవి. అవి పెద్ద ఫలము నీయలేదు. నదియే చేయవలసిన పనిని తొట్టి చేయజాలదని ఆ ప్రయత్నముల వలన తేలినది. నికల్సన్ బోధించిన సహకారమార్గము మాత్రము నిలిచినది. నేడు మన గ్రామములలోని మత్స్యకార సహకారసంఘములకు ఆ బోధయే బీజము.

స్వరాజ్యము వచ్చిన పిదప

స్వరాజ్యము వచ్చిన పిమ్మట కట్టలు పెరిగినవి. ఇది దేశమునకు ఆహారము, విద్యుత్తు కావలసిన కాలము. కృష్ణపై బెజవాడయందు 1957లో ప్రకాశము బారేజి పూర్తియయ్యెను. గోదావరిపై పోచంపాడునకు 1963లో శంకుస్థాపన జరిగెను. మహారాష్ట్రమున జాయక్వాడి 1976లో పూర్తియయ్యెను. తెలంగాణమున మేడిగడ్డ బారేజి 2019లో ప్రారంభమయ్యెను. ధవళేశ్వరమున పాత ఆనకట్టకు బదులు 1970లో ఆరంభించి 1982లో ముగించిన బారేజికి 175 తలుపులు. ఆ తలుపులు ఎత్తిన వరదదినములయందు చేపకు ఎగువకు పోవు వీలు కలుగును. దించిన దినముల నది రెండు ముక్కలగును. చేప భాగ్యము ఇట్లు తలుపు ఎత్తువాని చేతిలోనికి వచ్చినది.

ధవళేశ్వరమునకు ఎగువ సుమారు 42 కిలోమీటర్ల దూరమున పోలవరము ప్రాజెక్టు నిర్మాణము జరుగుచున్నది. 2014వ సంవత్సరపు రాష్ట్ర పునర్విభజన చట్టముచే ఇది జాతీయప్రాజెక్టు. 2021 జూనులో గోదావరి ప్రవాహమును 48 తలుపులుగల స్పిల్‌వే మీదుగ మళ్లించిరి. పాపికొండల నడుమ తరతరములుగ నివసించు కోయలు, కొండరెడ్లు తమ గ్రామములను విడువవలసివచ్చిన బాధ మనము మఱువదగినది కాదు. వారును నదిని నమ్ముకొన్నవారే. ఈ స్పిల్‌వేయందు చేపల రాకపోకలకు మత్స్యసోపానము నమర్చిరి. 1873లో డే దొర కోరినది ఒకటిన్నర శతాబ్దమునకు మన గోదావరిపై రూపు దాల్చినదని సంతసింపవలసినదే.

అయినను రెండు మాటలు చెప్పక తప్పదు. మొదటిది: పాశ్చాత్యదేశములలో మత్స్యసోపానములు ముఖ్యముగ సాల్మన్ అను చేపకై పుట్టినవి. అది ఎగిరి దూకును. పులస అట్లు దూకదు, నిండునీటిలో ఈదిపోవును. కావున పులసకు మెట్టుకంటె పడవలాకువంటి నీటిపెట్టె యనుకూలమని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. నూటడెబ్బది యేండ్లక్రిందట పడవకు కట్టిన లాకుయొక్క సూత్రమే నేడు చేపకు అక్కఱకు వచ్చుచున్నది! రెండవది: పోలవరపు మెట్టు ఎక్కవలసిన చేప ముందుగ ధవళేశ్వరము దాటవలెను. దిగువ వాకిలి మూసియుండగా మేడమెట్టు ఎంత చక్కనిదైన నేమి?

ఇతర నదుల పాఠము

కావేరిపై మేట్టూరు జలాశయము 1934లో పూర్తియైన పిమ్మట వరదనీరు తగ్గి ఆ నదిలో పులస క్షీణించెను. గంగలో ఈ చేప పూర్వము ప్రయాగ వఱకును, ఇంకను ఎగువకును పోవుచుండెడిది. 1975లో ఫరక్కా బారేజి నడువ నారంభించిన తరువాత ఎగువనున్న బక్సరు, ప్రయాగ ప్రాంతముల పులస పట్టుబడి ఇంచుమించు శూన్యమయ్యెను. ఆ ప్రాంతపు మల్లాహులు నిషాదులు మనకు వృత్తిసోదరులు. వారికి పట్టిన గతి మనకు హెచ్చరిక.

మేలు చేసిన యుదాహరణమును కలదు. బంగ్లాదేశమున 2002–03లో ఈ చేప దిగుబడి సుమారు 2 లక్షల టన్నులు. ఆ ప్రభుత్వము పిల్లచేపలను పట్టుటను నిషేధించెను. నదీముఖములందు అభయస్థానము లేర్పఱచెను. గ్రుడ్లు విడుచు దినములలో, ఆశ్వయుజపు పున్నమ ప్రాంతమున, వల వేయరాదని శాసించెను. అంతటితో నూరకుండక వల మానిన కుటుంబములకు బియ్యము పంచెను. 2017–18 నాటికి దిగుబడి 5 లక్షల టన్నులు దాటినది. పున్నమదినములలో చేపను పట్టరాదను అశోకుని నియమమునకును దీనికిని గల పోలికను చదువరులు గమనింతురు గాక. కడుపునకు ఆధారము చూపి, కాలనియమము విధించిన యెడల వలవాడు నియమమునకు శత్రువు కాడు.

మన తూర్పుతీరమున సముద్రపు వేటకు ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు నిషేధము కలదు. అది మంచి నియమము. కాని పులస నదిలో ప్రవేశించునది అటుపిమ్మట. ఆ నిషేధము ముగిసినవెనుకనే తల్లిచేప ప్రయాణము మొదలగును. అనగా దానికి రక్షణ మిక్కిలి కావలసిన దినములలో ఆ నియమము దానిని కాపాడజాలకున్నది.

నదిలోని తోడి ప్రాణులు

చేపను గూర్చి మాత్రమే తలచి తక్కిన ప్రాణులను మఱచుట తగదు. నీరుకుక్క మన వలలు చించునని మనకు కోపము. కాని నీరుకుక్కల గుంపు తిరుగు నీట చేప సమృద్ధి యని మనకే తెలియును. చేప లేనిచోట అది నిలువదు. గోదావరి కృష్ణ డెల్టాలలో మడయడవులచెంత తిరుగు బావురుపిల్లియు చేపల మీదనే బ్రతుకును. గౌతమి ముఖమున 1978లో ఏర్పడిన కోరంగి అభయారణ్యపు మడయడవులు రొయ్యకును, చేపపిల్లకును ఉయ్యెల. మంజీరయందు అదే సంవత్సరమున ఏర్పడిన అభయస్థానము మొసళ్లకు నెలవు. దక్షిణాపథపు నదులకే ప్రత్యేకమైన లీత్ మెత్తచిప్పతాబేలు మిక్కిలి యరుదైపోయినది. కుళ్లిన కళేబరములను తిని నీటిని శుభ్రపఱచు తాబేళ్లను చంపి నదిని మనమే మురికి చేసికొనుచున్నాము. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణచట్టము ఇట్టి ప్రాణులను చంపుట నేరమని చెప్పుచున్నది. చట్టము లేకున్నను, గంగమ్మను కొలుచు మనకు ఆమె బిడ్డలను చంపుట ధర్మము కాదు.

ఊళ్ల ముఱుగునీరు, కర్మాగారముల విషజలము, యంత్రములతో మడుగులను త్రవ్వి ఇసుక తరలించుట, 1952లో దేశమునకు వచ్చిన టిలాపియా మొదలగు పరదేశపు చేపల వ్యాప్తి, ఇవి యన్నియు నదికి రోగములే. ఇవి మన వలలనుండి పుట్టినవి కావు. కాని దోమతెరవంటి సన్నకన్ను వలతో పిల్లచేపను ఊడ్చి ఎండబెట్టి యమ్ముట మనలో కొందఱు చేయుచున్న పని. పరుల తప్పును వేలెత్తి చూపువాని చేయి శుభ్రముగ నుండవలెను.

మన కర్తవ్యము

ఇంతవఱకు చెప్పినదాని సారమిది. వలకు నియమము కావలసినదే, కట్టకును నియమము కావలెను. హక్కును నియమమును ఒక్క శాసనముననే చెక్కిన అశోకుని పద్ధతియే న్యాయమైన పద్ధతి. కావున మహాసభవారు ఈ క్రింది విషయములను ఆలోచింతురని మనవి చేయుచున్నాము.

మొదటిది, సన్నకన్ను వలను మన గ్రామపెద్దలే కట్టడి చేయవలెను. అధికారి వచ్చి వల కాల్చుటకంటె పెద్దలు కూర్చుండి వల మాన్పించుట గౌరవము.

రెండవది, పులస గ్రుడ్లు విడుచు కాలమున కొన్ని దినములు నదిలో వల ఎత్తి పెట్టుటకు మనమే ముందుకు వచ్చి, సముద్రపు నిషేధకాలమున పడవవారికి లభించు భృతివంటిది ఆ దినములకు నదీమత్స్యకారులకును ఇప్పింపవలెనని ప్రభుత్వమును కోరవలెను. నియమమును మనము కోరినవారమైనప్పుడు భృతిని కోరుటకు నోరు వచ్చును.

మూడవది, ధవళేశ్వరమున వరదదినములయందు తలుపులు ఎత్తు దించు విషయమునను, పోలవరపు మత్స్యసోపానము ఎట్లు పనిచేయునో పరీక్షించు విషయమునను, నది నెఱిగిన మనవారి మాట వినబడునట్లు మన ప్రతినిధులకు స్థానము కోరవలెను. 1873లోవలె మన మాటను ఇంకొకరు చెప్పు కాలము గతించినది.

నాల్గవది, అంతర్వేదినుండి భద్రాచలము వఱకు ప్రతి రేవునందును ఒక చిట్టా యుంచవలెను. ఏ దినమున తొలి పులస పడినది, ఎన్ని పడినవి, తూకమెంత, శన గలవి ఎన్ని, నీటి రంగెట్టిది, తలుపు లెత్తిరా లేదా అను సంగతులు అందెక్కింపవలెను. ఇందుకు ధనము పని లేదు. ఒక పుస్తకము, చదువుకొనిన ఒక పిల్లవాడు, అనుభవము గల ఒక తాత చాలుదురు. పదియేండ్ల చిట్టా మనచేత నున్నయెడల ఏ కచ్చేరిలోనైనను మన వాదము నిలుచును. నోటిమాట నిలువని చోట కాగితము నిలుచునని భూములు గలవారు ఏనాడో నేర్చిరి.

పోషకమహాశయులకును ఒక విన్నపము. పులస నేడు ఒక్కొక్కటి వేలరూపాయలకు పోవుచున్నది. ఇతర ప్రాంతముల విలసకే పులసయని పేరు పెట్టి యమ్మువారును బయలుదేరిరి. శన గల చేపకు ఎక్కువ వెల యిచ్చువాడుండగా దానిని విడువుమని బీదవానికి బోధించుట తేలిక కాదు. ఆ దినములలో శనచేపను కొనకుండుట మీచేతిలోని పని. మీరు కట్టించు విద్యార్థివసతిగృహములకును, మీరిచ్చు వేతనములకును మన కులము కృతజ్ఞతతో నున్నది. దీనినిగూడ ఆ దానములలో నొకటిగ నెంచ ప్రార్థించుచున్నాము.

మన పెద్దలు వరదరోజున నావ నీటిలో దింపుటకు ముందు గంగమ్మకు పసుపుకుంకుమలు సమర్పించెడివారు. ఆ తల్లి యొడిలో బిడ్డలకు త్రోవ విడువుడని యడుగుటకు మనకంటె తగినవారెవరు? మహాసభవారు ఈ తీర్మానములను స్వీకరించి, వచ్చు వార్షికసభనాటికి కొన్ని రేవుల చిట్టాలనైనను సభామధ్యమున చదివించెదరని ఆశించుచు, గోదావరీమాత మనలను చల్లగ చూచుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.